కాఫీ కోసం కట్టి, బీరుతో బతికిన హోటల్

మొదటి రోజు: అడిలైడ్ నుంచి బర్రా

మన దగ్గర హోటలంటే ఇడ్లీ, పెసరట్టు, కాఫీ. పడుకోవాలంటే లాడ్జి. ఆస్ట్రేలియా చిన్న ఊళ్లలో ఈ లెక్క తలకిందులవుతుంది. నాలుగు రోడ్ల కూడలిలో, ముందు పెద్ద వరండాతో 'హోటల్' అని బోర్డు కనబడితే అది మొదట బారు, తర్వాత భోజనం, ఆ తర్వాతే పడక. అలా ఎందుకయ్యిందంటే పాత లైసెన్సు చట్టాల వల్ల. మద్యం అమ్మేవాడు బాటసారికి గది కూడా ఇవ్వాలన్నారు. దాంతో బీరు మీదే బతికే కొట్టు కూడా మేడ మీద నాలుగు గదులు కట్టి హోటలని పేరు పెట్టుకుంది. ఆ గదులు చాలాచోట్ల ఇప్పటికీ అద్దెకు దొరుకుతాయి. మంచం, ఫ్యాను, వరండాలోకి తలుపు, వసారా చివర అందరికీ కలిపి స్నానాల గది. తువ్వాలు, చెప్పులు వెంట ఉంచుకుంటే మోటెల్ కంటే తక్కువలో గడిచిపోతుంది.

ఈ ప్రయాణం గనుల ఊరు బ్రోకెన్ హిల్‌లోని ప్యాలెస్ హోటల్ కోసం. దారిలో బర్రాలో ఒక రాత్రి ఆగడానికి కారణముంది. పాత కట్టడాలను ఎలా చూసుకోవాలో ఆస్ట్రేలియా రాసుకున్న నియమావళికి ఈ ఊరి పేరే పెట్టారు. 1979లో పురాకట్టడాల నిపుణుల సంఘం ఇక్కడ కూర్చుని ఆమోదించిన పత్రమే 'బర్రా చార్టర్'. అందం, చరిత్ర, శాస్త్రం, సమాజం, ఆధ్యాత్మికం అని అది విలువలను విడదీస్తుంది. పనిలోకి వచ్చేసరికి అది చెప్పేది ఒక్కటే: అవసరమైనంత చెయ్యి, అంతకు మించి వీలైనంత తక్కువ ముట్టుకో.

బర్రా అడిలైడ్‌కు ఉత్తరాన దాదాపు 160 కిలోమీటర్లు. 1845లో రాగి దొరికింది, 1877లో గని మూతపడింది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కూలీలు ఇళ్లు చాలక వాగు గట్టును తొలిచి గుహల్లో కాపురం పెట్టారు. 1851లో వరదలు వాటిని ముంచాయి. రెండు మూడు గుహలు ఇంకా ఉన్నాయి, వంగి లోపలికి వెళ్లొచ్చు. చూపించడానికి గైడు ఎవరూ రారు. సమాచార కేంద్రంలో డబ్బు కట్టి, డిపాజిట్ పెడితే ఒక తాళంచెవి చేతికిస్తారు. ఊళ్లోని పాత జైలు, గని, గుహల తాళాలన్నిటికీ అదే. మనమే తీసుకుని, చూసి, మళ్లీ వేసి రావాలి. గేట్లు వేయడం మరిచిపోవడం ఇక్కడ పెద్ద తప్పు. మధ్యాహ్నం తర్వాత మొదలుపెడితే సగం కూడా చూడలేరు, పొద్దున్నే తీసుకోవాలి.

తిండికి కార్నిష్ పాస్టీ. మన కజ్జికాయను అరచేయంత చేసి, పంచదార బదులు మాంసం, బంగాళదుంప, ఉల్లి, స్వీడ్ అనే దుంప కూరినట్టు ఉంటుంది. మామూలుగా అందులోది గొడ్డు మాంసం. తినని వాళ్లు ముందే అడగాలి, కూరగాయలది చాలా బేకరీల్లో ఉంటుంది గానీ మధ్యాహ్నానికే అయిపోతుంది.

బర్రాలో తీరిగ్గా చూడాల్సింది గోడలు. రాతి ఇళ్లకు నేల నుంచి మోకాలెత్తు, కొన్నిటికి నడుమెత్తు దాకా పొలుసులు రాలిపోయి ఉంటాయి. ఇక్కడి వాళ్లు 'సాల్ట్ డ్యాంప్' అంటారు. మన తీరప్రాంతపు ఉప్పు నేలల్లో ఇళ్లకు పట్టే చెమ్మ జబ్బే ఇది. నేలలో తడి ఉప్పును వెంటబెట్టుకుని గోడలోకి పాకుతుంది. తడి గాలికి ఆరిపోతుంది, ఉప్పు ఎక్కడికీ పోదు. రాతి సందుల్లో గడ్డకట్టి, ఉబ్బి, లోపల్నుంచి రాయిని పిండి చేస్తుంది. ఎండ ఎంత కాస్తే గోడ అంత ఆరుతుంది, ఉప్పు అంత పేరుకుంటుంది. అందుకే వానల్లేని ఊళ్లో చెమ్మ జబ్బు ముదరడం వింతేమీ కాదు.

దీన్ని చూసి కంగారుపడి సిమెంటు పూసిన ఇల్లొకటి ప్రధాన వీధికి పక్కనే ఉంది. పూత చెక్కుచెదరలేదు. దాని పై అంచుకు జానెడెత్తున మాత్రం రాయిని వేలితో రుద్దితే ఇసుకలా రాలుతుంది. సిమెంటు వెంట బయటికి రాలేని తడి మరో జానెడు ఎక్కి అక్కడ తన పని చేసుకుంది. దీనికి మందు సిమెంటును గీకేసి, సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపిన మెత్తని గచ్చు వేయడం. ఉప్పు ఆ గచ్చులోకి చేరి గచ్చే రాలుతుంది, రాయి మిగులుతుంది. కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి. రాలిపోవడానికే వేసే పూత అని ఇంటివాడికి నచ్చజెప్పడమే ఈ వైద్యంలో కష్టమైన భాగం.

రెండో రోజు: బర్రా నుంచి బ్రోకెన్ హిల్, 350 కిలోమీటర్ల పైచిలుకు

పొద్దున్నే బయల్దేరాలి, చీకటి పడేలోపు చేరాలి. మసక వెలుగులో కంగారూలు రోడ్డెక్కుతాయి. 36 మీటర్ల పొడవుండే రోడ్‌ట్రైన్ లారీలు ఎదురవుతాయి, వాటిని దాటాలంటే ముందు కిలోమీటరు ఖాళీ కనబడాలి. దారిలో యుంటా అనే చిన్న ఊళ్లో పెట్రోలు నింపుకోకుండా ముందుకు పోవద్దు. తర్వాత దాదాపు 200 కిలోమీటర్లు చెప్పుకోదగ్గ ఊరు లేదు.

బర్రా దాటగానే గోధుమ పొలాలు పల్చబడి ఉప్పు పొదలు మొదలవుతాయి. 1865లో సర్వేయరు జార్జ్ గోయ్‌డర్ గుర్రం మీద తిరిగి, వాన మీద ఆధారపడి పంట వేయగలిగిన హద్దు ఇదీ అని గీత గీశాడు. నాలుగు మంచి ఏళ్లు చూసి ఆ గీత దాటి పొలాలు వేసినవాళ్లు తర్వాత ఇళ్లు వదిలేసి పోయారు. పైకప్పు లేని ఆ ఇళ్ల పొగగొట్టాలు రోడ్డు పక్కన నిలబడే ఉన్నాయి. టెరోవీ స్టేషన్‌లో ఒక ఫలకం: 1942 మార్చి 20న అమెరికా జనరల్ మెక్‌ఆర్థర్ రైలు మారుతూ, ఫిలిప్పీన్స్‌కు 'తిరిగి వస్తాను' అని చెప్పింది ఈ ప్లాట్‌ఫారమ్ మీదే. ఐదు నిమిషాలు చాలు.

బ్రోకెన్ హిల్ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోది. గడియారం మాత్రం దక్షిణ ఆస్ట్రేలియాది. సిడ్నీ కంటే అరగంట వెనక, మనకంటే నాలుగు గంటలు ముందు, వాళ్ల వేసవిలో ఐదు. సిడ్నీ టైముతో పెట్టుకున్న ఫోను అరగంట తప్పు చెబుతుంది. ఇక్కడ వంటగదులు రాత్రి 8, 8:30కే కట్టేస్తారు, కాబట్టి ఆ అరగంటకు భోజనం విలువ ఉంది.

వీధుల పేర్లు చదివితే రసాయనశాస్త్రం ప్రాక్టికల్స్ గుర్తొస్తాయి. ఆర్జెంట్, ఆక్సైడ్, క్లోరైడ్, సల్ఫైడ్, బ్రోమైడ్, అయొడైడ్. నడిచి తిరిగేవాళ్లు మొదటి రోజు క్లోరైడ్‌కు బదులు ఆక్సైడ్‌లో తేలడం మామూలే. ఊరి మధ్యలో నల్లటి గుట్ట, గని తవ్వి పోసిన మట్టి. దాన్ని వెనక పెట్టుకుని దిగితే ఆర్జెంట్ వీధి వస్తుంది. ఆర్జెంట్, సల్ఫైడ్ వీధులు కలిసే మూల మీద మూడంతస్తుల ఇటుక కట్టడం, రెండు వీధుల వైపూ తిరిగిన బాల్కనీలు, వాటికి పోత ఇనుప జాలీ. అదే ప్యాలెస్.

మూడో రోజు: ప్యాలెస్ హోటల్

ముందు పుట్టుక. 1883లో గొర్రెల క్షేత్రంలో కంచెలు చూసుకునే ఛార్లెస్ రాస్ప్ ఈ గుట్ట మీద ఖనిజం గుర్తుపట్టాడు. 1885లో పుట్టిన బ్రోకెన్ హిల్ ప్రొప్రయిటరీ కంపెనీయే నేటి పెద్ద గనుల సంస్థ బీహెచ్‌పీ. జీతం చేతికొచ్చిన గని కూలీ ముందు బారుకు పోతున్నాడని మద్యానికి ఎదురు నిలిచినవాళ్లు, మందు లేని మంచి హోటలుంటే జనం అటు మళ్లుతారనుకున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు పట్టిన పట్టుకు వందేళ్ల ముందు మాటిది, బాధ మాత్రం అదే. అప్పట్లో ఇలాంటి హోటళ్లను 'కాఫీ ప్యాలెస్' అనేవారు. మెల్‌బోర్న్ ఆర్కిటెక్టు ఆల్‌ఫ్రెడ్ డన్ గీసిన ఈ కాఫీ ప్యాలెస్ 1889లో లేచింది. కాఫీతో గిట్టుబాటు కాలేదు. 1892లో మద్యం లైసెన్సు తీసుకున్నారు, 'కాఫీ' అన్న మాట పోయి 'ప్యాలెస్' మిగిలింది.

కాఫీ ప్యాలెస్‌లు చాలా పోయాయి. మెల్‌బోర్న్‌లో 1888లో కట్టిన ఫెడరల్ కాఫీ ప్యాలెస్‌ను 1970ల మొదట్లో పడగొట్టారు. ఈ మారుమూల ఊళ్లో ఇది మిగిలిందంటే బీరు పుణ్యమే. పోటీ పెట్టిన సరుకే దాన్ని నూరేళ్లు పోషించింది.

పాత హోటల్‌ను తలుపులతో చదవాలి. మూల మీద కోసినట్టుండే తలుపు కూలీల బారుది, రెండు వీధుల నుంచీ కనబడాలి కదా. పక్క వీధిలో చిన్న తలుపు ఆడవాళ్ల గదికి. 1960ల దాకా ఆస్ట్రేలియాలో చాలాచోట్ల ఆడవాళ్లకు పెద్ద బారులో పోసేవారు కాదు. 1965లో బ్రిస్బేన్‌లో ఇద్దరు ఆడవాళ్లు బారు కడ్డీకి తమను గొలుసుతో కట్టేసుకున్నాకే ఆ గొడవ దేశమంతా వినబడింది. బారు గోడలకు నడుమెత్తు టైల్స్ కనబడితే అది ఇంకో కాలం గుర్తు. న్యూ సౌత్ వేల్స్‌లో 1916 నుంచి 1955 దాకా సాయంత్రం 6కే బారు మూయాలి. 5కు పని దిగిన కూలీలు గంటలో తాగేసేవారు. అది మూశాక నీళ్లు కొట్టి కడగడానికి టైల్స్ బాగా పనికొచ్చేవి. ఇలాంటివి చెరిపేసి 'అందంగా' చేసిన పాత హోటళ్లు ఎన్ని చూసినా ఒకేలా ఉంటాయి.

జాలీ సంగతి దగ్గర్నుంచి చూడాలి. పోత ఇనుము బరువును బాగా మోస్తుంది, దెబ్బకు పెళుసు. ముక్కలు కలిసే అతుకుల్లో నీళ్లు నిలిస్తే తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి, అది ఉబ్బి పువ్వుల ముక్కను చీలుస్తుంది. కాబట్టి రంగు కంటే ముందు అతుకు చూసుకోవాలి. విరిగిన ముక్క స్థానంలో కొత్తది పోయించేవాళ్లు తరచూ చేసే తప్పొకటుంది. మిగిలిన పాత ముక్కనే ఇసుకలో నొక్కి అచ్చు తీస్తారు. చల్లారేటప్పుడు పోత ఇనుము సుమారు నూటికి ఒక పాలు కుంచించుకుపోతుంది. మీటరు పొడవు ముక్కకు సెంటీమీటరు తగ్గి, బోల్టు రంధ్రాలు కలవవు. అప్పుడు సుత్తితో లాగి బిగిస్తే పగులుతుంది. ఆ ఒక్క పాలూ పెంచి చెక్క అచ్చు చేయించుకోవాలి. పాత రంగు పొరల్లో సీసం ఉంటుంది, పొడిగా గీకకూడదు. సీసం తవ్విన ఊళ్లో ఈ మాట ఎవరికీ రెండోసారి చెప్పనక్కర్లేదు. వాన నీళ్ల తొట్టి, పిల్లల చేతులు, గుమ్మం ముందు దుమ్ము, అన్నిటికీ ఇక్కడ సీసం జాగ్రత్తలు ఉన్నాయి.

పైకప్పు రేకుల్లోనూ ఒక చిక్కు. కొత్తగా వచ్చే జింకు-అల్యూమినియం పూత రేకు పైన వేసి, కింద పాత జింకు రేకు ఉంచితే, పైనుంచి జారే నీళ్లు కింది రేకును తొందరగా తినేస్తాయి. వేస్తే ఒకే రకం వేయాలి.

లోపలికి అడుగుపెట్టిన వాళ్లెవరూ ఇనుము గురించి మాట్లాడరు. బొమ్మల గురించే. 1970లలో హోటల్ కొన్న ఇటలీ వలసవాసి మారియో చెలొట్టో, ఇటలీ పాత చిత్రకారుడు బొటిచెల్లి గీసిన వీనస్ దేవత బొమ్మను పైకప్పు మీద తనే గీశాడు. తర్వాత గోర్డన్ వే అనే ఆదివాసీ చిత్రకారుడు మెట్లు, వసారాలు, హాళ్ల గోడలు నింపాడు. ప్రతి బొమ్మలోనూ నీళ్లుండాలన్నది చెలొట్టో షరతు. జలపాతాలు, చెరువులు, కొలనులు. ఈ ఊరి వాన ఏడాదికి 250 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అంటే అనంతపురంలో సగం కంటే తక్కువ. ఇప్పుడు ముర్రే నది నుంచి 270 కిలోమీటర్ల పైపులో నీళ్లొస్తాయి. మెట్లెక్కుతూ ఆ ఆకుపచ్చ, నీలం చూస్తే షరతు ఎందుకు పెట్టాడో అడగబుద్ధి కాదు.

కళాఖండాలంటే ముఖం చిట్లించే వాళ్లకు ఇవి నచ్చవు, నచ్చాల్సిన పనీ లేదు. 1889 నాటి గోడల మీద 1970ల రంగు ఉండొచ్చా అన్నది మాత్రం నిజమైన ప్రశ్న. తీసేసి మొదటి రూపానికి తెస్తే శుభ్రంగా ఉంటుందనే వాదన ఎక్కడైనా వస్తుంది. బర్రా చార్టర్ ఇక్కడ గట్టిగానే ఉంది: ఒక కట్టడానికి ప్రతి కాలమూ ఇచ్చినదాన్ని గౌరవించాలి, ఒక కాలాన్ని తవ్వి చూపడానికి ఇంకోదాన్ని చెరపాలంటే చెరిపేది చాలా స్వల్పమైనదై ఉండాలి. ఈ బొమ్మలు స్వల్పమైనవి కావు. 1994లో వచ్చిన 'ప్రిసిల్లా' సినిమాలో ఆడవేషాల కళాకారులు బస చేసింది ఈ గోడల మధ్యే, ఆ వేషాలతోనే ఇప్పుడు ఏటా ఇక్కడ ఉత్సవం జరుగుతుంది. వేషం కట్టడం మనకు కొత్తేమీ కాదు, గని కార్మికుల ఊళ్లో అదీ బారు కౌంటర్ దగ్గర నిలదొక్కుకోవడమే చెప్పుకోవాల్సింది. రాష్ట్ర వారసత్వ జాబితాలో ఉన్న ఈ కట్టడం విలువలో కాఫీ, బీరు, వీనస్, వేషం అన్నీ కలిసే ఉన్నాయి.

భోజనం కౌంటర్లో. బల్ల దగ్గర కూర్చుని ఎదురు చూస్తే ఎవరూ రారు. బల్ల నంబరు గుర్తుపెట్టుకుని, కౌంటర్లో చెప్పి, ముందే డబ్బు కట్టాలి. ఇలాంటి చోట్ల పళ్లేనికి 20 నుంచి 35 ఆస్ట్రేలియా డాలర్లు. టిప్పు ఆశించరు. నలుగురు కలిసి తాగుతుంటే ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొనాలి, దాన్ని 'షౌట్' అంటారు. తన వంతు రాకముందే లేచిపోయేవాడిని ఊరు గుర్తుపెట్టుకుంటుంది. తాగని వాళ్లు మొదటే 'నాకొద్దు' అనేస్తే మర్యాదకు లోటు లేదు. గ్లాసు పేర్లు నమ్మొద్దు: స్కూనర్ అంటే అడిలైడ్‌లో 285 మిల్లీలీటర్లు, సిడ్నీలో 425.

శుక్రవారం రాత్రి టూ-అప్ ఆడతారు. చిన్న చెక్క పలక మీద రెండు నాణేలు పెట్టి గాల్లోకి ఎగరేయాలి. రెండూ బొమ్మ పడితే ఎగరేసినవాడిది, రెండూ బొరుసైతే పోయింది, ఒకటీ ఒకటీ అయితే మళ్లీ. మిగతా రాష్ట్రంలో ఆన్జాక్ దినం (యుద్ధంలో పోయిన సైనికుల స్మారక దినం) లాంటి కొద్ది రోజుల్లోనే దీనికి అనుమతి, బ్రోకెన్ హిల్‌లో ఏడాది పొడుగునా చట్టబద్ధం. పందెం పక్కనున్న మనిషితో కాయాలి. నోటు నెత్తి మీద పెట్టుకుని నిలబడితే 'బొమ్మ మీద కాస్తాను' అని అర్థం.

నాలుగో రోజు: ఊళ్లో

2015లో బ్రోకెన్ హిల్ మొత్తాన్నీ జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. ఒక నగరాన్ని అలా చేర్చడం ఆస్ట్రేలియాలో అదే మొదలు. ఊరు 17 వేల పైచిలుకు జనం. గుట్ట మీది స్మారకంలో గనుల్లో పోయిన 800 మందికి పైగా పేర్లు, ఎలా పోయారో కూడా ఒక్కొక్క మాటలో రాసి ఉన్నాయి. చదువుతూ నడిస్తే అరగంట పడుతుంది, ఎవరూ గట్టిగా మాట్లాడరు.

అఫ్గాన్, ఉత్తర భారత ప్రాంతాల నుంచి వచ్చిన ఒంటెల వాళ్లు కట్టుకున్న రేకుల మసీదు ఉత్తరం వైపు ఉంది. తెరిచే వేళలు చాలా తక్కువ, ముందే కనుక్కుని వెళ్లాలి. దక్షిణం వైపు పాటన్ వీధిలో బెల్స్ మిల్క్ బార్, 1950ల అలంకరణతో ఉంది. సిరప్‌లు అక్కడే కాచుకుంటారు. మిల్క్‌షేక్‌లో పాల రుచి ముందు తగలాలంటే పళ్లవి కాకుండా మాల్ట్ అడగాలి. శాకాహారులకు ఈ ఊరు ఇచ్చే స్వంత వంట చీజ్ స్లా: తురిమిన క్యారెట్, తురిమిన చీజ్, మయొనైజ్. రొట్టెలో పెట్టుకు తినొచ్చు. మయొనైజ్‌లో గుడ్డుంటుంది. పచ్చిమిర్చి దంచి కలిపితే బావుండేదనిపించక మానదు.

ఐదో రోజు: సిల్వర్టన్, తిరుగు దారి

25 కిలోమీటర్ల దూరంలో సిల్వర్టన్. వెండి ఇక్కడే ముందు దొరికింది, ఊరు మూడు వేల దాకా పెరిగింది. బ్రోకెన్ హిల్‌లో ఖనిజం తేలాక జనం వెళ్లిపోయారు, వట్టి చేతులతో కూడా పోలేదు. ఇళ్లను విప్పి, బళ్ల మీద వేసుకుని పోయారు. అందుకే మిగిలిన కట్టడాల మధ్య బోలెడు ఖాళీ జాగా. ఆ ఖాళీలో రాతి జైలు, చర్చి, ఒక హోటల్. ఒకే అంతస్తు, ముందు వరండా. మ్యాడ్ మ్యాక్స్ రెండో భాగం ఈ చుట్టుపక్కలే తీశారు, సినిమా బళ్ల కోసం జనం వస్తారు, వచ్చినవాళ్లు బీరు తాగుతారు. ఇంకో ఐదు కిలోమీటర్లు పోతే ముండి ముండి మైదానం, రోడ్డు దిగిపోయే చోట నిలబడితే నేల అంచు వంగినట్టు కనబడుతుంది. సూర్యాస్తమయం దాకా ఉంటే మళ్లీ కంగారూల భయం, కాబట్టి గంటకు 60 దాటకుండా వెనక్కి రావాలి.

అడిలైడ్ దారిలో ఊడ్లా విర్రా దగ్గర పళ్ల తనిఖీ ఆపుతుంది. పండు ఈగ రాకుండా దక్షిణ ఆస్ట్రేలియా పెట్టుకున్న కాపలా. అరటి, నారింజ, టమాటా ఏదున్నా అక్కడే వదిలేయాలి, దాస్తే జరిమానా. బ్రోకెన్ హిల్‌లో కొన్న పళ్లుంటే యుంటాలో పెట్రోలు కొట్టించేటప్పుడే తినేయడం తెలివి. తొక్కలు కూడా చెత్తబుట్టలో వేసి బయల్దేరాలి.